అమ్మమ్మ దరఖాస్తు

మా సెంటినరీ కాలనీలో కాగితం విలువ తెలియని ఇల్లు ఉండదు. సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలై నూరేళ్లు నిండిన గుర్తుగా పెట్టిన పేరు మా కాలనీది. ఇక్కడ కిటికీ రెక్కల మీద బొగ్గు పొడి ఎంత మామూలో, బీరువా పై అరలో జిరాక్సు కాగితాల కట్ట కూడా అంతే మామూలు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం రావాలన్నా, ఓపెన్‌కాస్టు కింద భూమి పోయిన రైతుకు పరిహారం అందాలన్నా మొట్టమొదట చూసేది పేరు. ఓటరు కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, సర్వీసు పుస్తకంలో ఇంకొకటి ఉంటే ఇక ఆ ఇంట్లో నిద్ర ఉండదు.

బొగ్గుబావుల్లో 'మారుపేర్లు' అనే మాటకు పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు ఎవరి పేరు మీదో ఎవరో బాయి పనిలో చేరిపోయారు. ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే దిగారు, ఎక్కారు, జీతం తీసుకున్నారు. చివరికి కొడుకు దగ్గరికి వచ్చేసరికి 'ఈ మనిషే నీ తండ్రి అనడానికి రుజువేంటి?' అనే ప్రశ్న. తండ్రి పక్కనే నిలబడి ఉంటాడు పాపం. అయినా రుజువు కావాలి.

నేను ఇరవై రెండేళ్లు ఇక్కడి ప్రైవేటు బడుల్లో తెలుగు చెప్పాను. టీచరమ్మను కదా, చేతిరాత బాగుంటుందని చుట్టుపక్కలవాళ్లు దరఖాస్తులు రాయించుకునేవారు. "జర నీ చేత్తోని రాసియ్యి టీచరమ్మా, నీ చెయ్యి మంచిది" అనేవారు. చెయ్యి మంచిదో కాదో గానీ ఒక విషయం మాత్రం తెలిసింది. మన ఫారాల్లో ఏ గడిలోనూ 'తెలియదు' అని రాయకూడదు. పుట్టిన తేదీ తెలియకపోతే జూలై 1 అని రాయాలి. ఊరు తెలియకపోతే దగ్గరి ఊరు రాయాలి. తెలియదని రాశామా, దరఖాస్తు వెనక్కి వస్తుంది.

అందుకే మూడేళ్ల క్రితం మా అమ్మాయి ఫోన్లో చెప్పిన మాట నాకు అంత వింతగా అనిపించింది. తను మెల్‌బోర్న్‌లో వృద్ధులను చూసుకునే చోట పనిచేస్తుంది. "అమ్మా, ఇవాళ నేను కూడా నీలాగే ఒకామెకు దరఖాస్తు రాసిపెట్టాను. ఇక్కడ 'తెలియదు' అని రాయొచ్చట!" అంది.

ఆ 'ఒకామె' ఆస్ట్రేలియా ఆదిమవాసి స్త్రీ. ఎనభైకి దగ్గర పడిన వయసు. పసితనంలో ప్రభుత్వం వాళ్లు ఇంటి నుంచి తీసుకెళ్లి ఒక హోమ్‌లో పెట్టారు. అమ్మ పేరు తనకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. అలాంటివాళ్లను అక్కడ 'దొంగిలించబడిన తరాలు' అంటారు. ఆ దేశ మానవ హక్కుల కమిషన్ 1997లో ఇచ్చిన 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక లెక్క ప్రకారం 1910 నుంచి 1970 దాకా ఆదిమవాసి పిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరి నుంచి, కొన్ని చోట్ల ముగ్గురిలో ఒకరి దాకా ఇలా తల్లిదండ్రులకు దూరమయ్యారు. పరిహారం ఇవ్వాలని ఆ నివేదికే సిఫారసు చేసింది. ప్రధాని కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. డబ్బు మాట మాత్రం ఆయన ఎత్తలేదు. అది రాష్ట్రాల వారీగా, ఒకదాని వెనుక ఒకటిగా, మన బస్సుల్లాగే ఆలస్యంగా వచ్చింది. మొదట టాస్మానియా. 2006లో చట్టం చేసి 106 మందికి 50 లక్షల డాలర్లు పంచింది. న్యూ సౌత్ వేల్స్ 2017 నుంచి 2022 వరకు దరఖాస్తులు తీసుకుని తలా 75 వేల డాలర్లు ఇచ్చింది. మా అమ్మాయి ఉండే విక్టోరియా 2022 మార్చి 31న మొదలుపెట్టింది. 1976 ముగిసేలోపు, పద్దెనిమిదేళ్లు నిండకుండా ఇంటి నుంచి తీసుకెళ్లినవారికి లక్ష డాలర్లు. మన లెక్కలో యాభై లక్షల పైమాటే. దరఖాస్తుకు గడువు 2027 మార్చి 31. పశ్చిమ ఆస్ట్రేలియా 2025 మేలో 85 వేలు ఇస్తామని ప్రకటించింది. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారన్నది వేరే సంగతి.

డబ్బు సంగతి కన్నా నన్ను ఆపేసినవి రెండు. ఒకటి, కాగితాలు వెతికే పని ప్రభుత్వమే చేస్తుంది. నువ్వు సరేనని సంతకం పెడితే చాలు, పాత రికార్డులు వాళ్లే తీయిస్తారు. కాగితం దొరకనంత మాత్రాన దరఖాస్తు చెల్లదని కాదు. రెండోది, డబ్బుతోపాటు కోరుకుంటే ప్రభుత్వం తరఫున ఆ మనిషి పేరు మీద క్షమాపణ కూడా చెబుతారు. మా అమ్మాయి రాసిపెట్టిన ఆమె ముందు ఆ క్షమాపణ గడికే టిక్కు పెట్టమందట.

ఆ రాత్రి నేను మా అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మకు ఇప్పుడు 83. విని కాసేపు ఊరుకుంది. తర్వాత "మా అమ్మను కూడా అట్టాగే తీసుకెళ్లారుగా" అంది. ఏదో పక్కింటి ముచ్చట చెప్పినట్టే అంది.

మేం ఎరుకలవాళ్లం. కోస్తా నుంచి మా నాన్న 1960ల్లో బొగ్గు పనికి గోదావరిఖని వచ్చాడు. అంతకుముందు మావాళ్లది ఒక సెటిల్‌మెంటు. దాని పేరు ఇక్కడ రాయను, మా అమ్మకు ఇష్టం లేదు. అమ్మమ్మకు ఇద్దరి పేర్లున్నట్టు రెండు పేర్లు ఉండేవి. రిజిస్టరులో ఉన్నది బైబిల్లోని పేరు. ఇంట్లో ఉన్నది మా ఇలవేల్పు పేరు. చిన్నప్పుడు నాకు అది ముద్దుపేరు అనుకునేదాన్ని. ఇక్కడ వందల దరఖాస్తుల్లో మారుపేర్లు సరిచేశాక గానీ, మా ఇంట్లోనే పుట్టిన అన్నిటికన్నా పాత మారుపేరు అదేనని తట్టలేదు.

ఈ కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. ఎరుకల, కొరచ కుటుంబాలు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్ముకునేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, కరవులు వచ్చాయి. ఆ వ్యాపారం పోయింది. బతుకుదెరువు పోయి తిరుగుతున్న మనిషి సర్కారు కంటికి దొంగలా కనిపించాడు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాష్ట్రపు కాగితాలు తిరగేసి 2001లో రాసిన పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది.

నేరస్త జాతుల చట్టం మొదట 1871లో ఉత్తరాదిన వచ్చింది. విక్టోరియాలో ఆదిమవాసుల పిల్లల మీద సర్కారుకు అధికారం ఇచ్చిన చట్టం 1869లో వచ్చింది. రెండేళ్ల తేడా! ఇక్కడ 1911 చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. అక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో 1909లో చట్టం చేసి, కోర్టు అనుమతి లేకుండానే పిల్లల్ని తీసుకెళ్లొచ్చని 1915లో సవరించారు. ఒకే రాజ్యం, ఒకే కాలం. లండన్‌లో ఒకే బల్ల మీద రాసినవి కాకపోవచ్చు గానీ ఆలోచన ఒక్కటే: పెద్దలు ఎలాగూ మారరు, పిల్లల్ని విడదీస్తే మారతారు.

మన చట్టంలో ఇది ఎక్కడో దాగి లేదు. 1911 చట్టం 17వ సెక్షనులో సూటిగానే ఉంది. నోటిఫై చేసిన జాతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టొచ్చు. పిల్లలంటే ఎవరో కూడా చెప్పింది: ఆరేళ్లు దాటి, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు.

ఆ కాలంలోనే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద పెట్టిన ఊరు. నడిపింది రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ. కృష్ణ ఒడ్డున సీతానగరం సెటిల్‌మెంటు కూడా వాళ్లదే. కావలిలోది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. స్టువర్టుపురం వాళ్లు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి వెళ్లారు, సీతానగరం వాళ్లు రాళ్లు కొట్టారు. వేలిముద్రలు, హాజరు పిలుపులు, ఊరు దాటాలంటే పాసు... సంస్కరణ అన్నారు గానీ తక్కువ కూలికి కదలకుండా దొరికే మనుషులు అందులో ఉన్న అసలు సౌకర్యం అని నా అభిప్రాయం.

స్టువర్టుపురం అనగానే మనవాళ్లకు సినిమాలు గుర్తొస్తాయి. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. గోదావరిఖని గోడల మీద ఆ పోస్టర్లు పడ్డన్నాళ్లూ మా అమ్మ ఆ వీధిలో నడవలేదు, చుట్టు తిరిగి మార్కెట్‌కు వెళ్లేది. అదే ఊళ్లో హేమలతా లవణం, లవణం దంపతులు ఏళ్ల తరబడి చేసిన పని మీద సినిమా రాలేదు. 2023లో మళ్లీ దొంగ కథే వచ్చింది.

ఇక అమ్మమ్మ. ఆమె చెప్పింది అమ్మ ద్వారా నాకు తెలిసింది ఇంత.

1922 ప్రాంతం. సెటిల్‌మెంటు గుడిసెల ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టారు. ఎవరికీ పుట్టిన తేదీ కాగితం లేదు. మరి ఆరేళ్లు దాటాయో లేదో ఎలా తెలియాలి? ఒకాయన ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూశాడట. ముందు పాలపళ్లు ఊడినవాళ్లు ఒక వైపు, ఊడనివాళ్లు ఒక వైపు. అమ్మమ్మకు అప్పటికి రెండు పళ్లు ఊడాయి. తమ్ముడికి ఊడలేదు. వాణ్ని అమ్మ చంకలోనే వదిలేశారు. అమ్మమ్మను బోర్డింగుకు పంపారు.

బోర్డింగు అదే ఆవరణలో అటు చివర ఉండేదట. కొన్ని రోజులు వాళ్లమ్మ గొంతు వినబడేది. తర్వాత వాళ్ల నాన్న ఏదో హాజరు తప్పాడని ఆ కుటుంబాన్ని వేరే సెటిల్‌మెంటుకు పంపేశారు. ఏ సెటిల్‌మెంటో అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. అంతే. మళ్లీ చూడలేదు.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. అమ్మమ్మ ఆ బోర్డింగులోనే చదవడం నేర్చుకుంది. లేసు అల్లడం నేర్చుకుంది. ఆ అల్లికతోనే మా అమ్మను పెంచింది, మా అమ్మ చదువు వల్లే నేను టీచర్ని అయ్యాను. బోర్డింగు చూసుకునే అమ్మగారు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునేదని అమ్మమ్మ ప్రేమగానే చెప్పేదట. కానీ నిద్రలో మాత్రం మా ఎరుకల భాషలో మాట్లాడేది. మెలకువలో ఆమె నోట ఆ భాష నేను ఒక్కసారి కూడా వినలేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు.

ఆస్ట్రేలియాలో బ్రూస్ ట్రెవరో అనే ఆయన కథ చదివినప్పుడు నాకు ఈ గొంతులే గుర్తొచ్చాయి. 1957 క్రిస్మస్ రోజున, పదమూడు నెలల పిల్లాడిగా కడుపునొప్పితో అడిలైడ్ ఆసుపత్రిలో చేరాడు. నయమయ్యాక తల్లిదండ్రులకు చెప్పకుండా ఇంకో కుటుంబానికి ఇచ్చేశారు. 'మా బాబు ఎలా ఉన్నాడు, ఎప్పుడు పంపుతారు' అని తల్లి ఉత్తరం రాసింది. బాగా కోలుకుంటున్నాడు, డాక్టర్లు ఇంకొంత కాలం ఉంచాలంటున్నారు అని జవాబు వచ్చింది. అప్పటికే పిల్లాడు వేరే ఇంట్లో ఉన్నాడు! ఆయన కోర్టుకెక్కి 2007 ఆగస్టు 1న గెలిచాడు. 5 లక్షల 25 వేల డాలర్లు ఇవ్వమన్నారు. మరుసటి ఏడాదే, 51 ఏళ్లకే చనిపోయాడు. ఆయన గెలవడానికి కారణం ఏమిటంటే... ఆ ఉత్తరం, ఆ జవాబు రెండూ ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

మా అమ్మమ్మ ఫైలు ఎక్కడుంది?

అది వెతకడమే నా రెండేళ్ల పని. మన దగ్గర ఇలాంటి పరిహారానికి ఫారమే లేదు కదా. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లోనే పోయింది. వెన్నెలకంటి రాఘవయ్య గారిలాంటివాళ్లు దాని కోసం ఎంత తిరిగారో నెల్లూరు వాళ్లకు తెలుసు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే 'విముక్త జాతులు' అన్నారు. విముక్తి అన్నారు గానీ క్షమాపణ ఎవరూ చెప్పలేదు, తీసుకెళ్లిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. పైగా నేరస్త జాతులు పోయి 'అలవాటు నేరస్తులు' అనే చట్టాలు వచ్చాయి. రేణకే కమిషన్ 2008లో నివేదిక ఇచ్చింది, ఇదాతే కమిషన్ 2018లో ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం 'సీడ్' అనే పథకం పెట్టింది. కోచింగు, ఆరోగ్య బీమా, ఇల్లు, జీవనోపాధి కలిపి అయిదేళ్లకు 200 కోట్లు. మంచిదే. కానీ అది పేదరికానికి ఇచ్చే సాయం, చేసిన పనికి చెప్పే సమాధానం కాదు. ఆ తేడా మాలాంటివాళ్లకు తెలుస్తుంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న చెప్పిన తీర్పులో విముక్త జాతుల గోడు కూడా వచ్చింది. దాన్ని పేపర్లో చదివి అమ్మకు వినిపిస్తే "ఇప్పుడు తీసేశారా?" అంది.

ఫారం లేదు గనక సమాచార హక్కు చట్టాన్నే ఫారం చేసుకున్నాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, తెల్లకాగితం. ఒక ఆఫీసుకు రాశాను. ఫలానా సెటిల్‌మెంటు, 1920 నుంచి 1925 వరకు బోర్డింగు పిల్లల రిజిస్టరు, బదిలీ చేసిన కుటుంబాల జాబితా... వీటి నకళ్లు ఇప్పించండి అని. నెల తిరగకుండా జవాబొచ్చింది. 'సదరు రికార్డు ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు.' ఇంకో ఆఫీసుకు రాశాను. వాళ్లు మొదటి ఆఫీసును అడగమన్నారు. మూడోచోట ఒక గుమాస్తా మాత్రం ఫోన్ చేశాడు. "మేడం, పాత పుస్తకాలు గదినిండా ఉన్నాయి గానీ చెదలు పట్టినయ్. మీరు అడిగేది ఏ పేరు మీద ఉంటది?" అన్నాడు. అదే కదా నాయనా నా బాధ! పాత పేరు మీద వెతికితే ఆ పిల్ల బోర్డింగులో లేదు. కొత్త పేరు మీద వెతికితే ఆ పిల్లకు అమ్మానాన్నలు లేరు.

మా అబ్బాయి ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. "ఇప్పుడు దొరికితే మాత్రం ఏం చేస్తావమ్మా, పైసలొస్తయా?" అని అడిగాడు. రావు. వాడు అడగడంలో తప్పూ లేదు. ఈ కాలనీలో కాగితం అంటే పైసలో, నౌకరో రావాలి. నేనేం చెప్పానంటే, "నీ పెళ్లికి వంశవృక్షం అడిగితే మూడో వరసలో గీత గీసి వదిలేశాం, గుర్తుందా? ఆ గీత మీద రాయడానికి" అన్నాను. వాడు నవ్వి డ్యూటీకి వెళ్లిపోయాడు. కానీ తర్వాతి పోస్టల్ ఆర్డర్లు వాడే తెచ్చిపెట్టాడు.

పోయిన నెల మొదటి అప్పీలు రాయడానికి కూర్చున్నాం, నేనూ అమ్మా. మా అమ్మాయిని అడిగి ఆ మెల్‌బోర్న్ ఫారంలో ఏమేం అడిగారో తెలుసుకున్నాను. అదే వరసలో రాద్దామనిపించింది. మన అప్పీలుకు అవన్నీ అక్కర్లేదు, అయినా రాశాను. తీసుకెళ్లిన పిల్ల పేరు. రెండు పేర్లూ రాశాను. పుట్టిన తేదీ: తెలియదు. తీసుకెళ్లిన తేదీ: తెలియదు. తల్లి పేరు: తెలియదు. జీవితంలో మొదటిసారి గడుల్లో 'తెలియదు' అని రాస్తుంటే చెయ్యి హాయిగా సాగింది.

"ఇంకెవరి వివరాలు కావాలని రాయను?" అని అడిగాను.

అమ్మ అంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. "మా మేనమామది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. చంకలో మిగిలిపోయిన ఆ తమ్ముడు. అమ్మమ్మకు తమ్ముడంటే అమ్మకు మేనమామే కదా! మా ఎరుకల్లో మేనమామ హక్కు పెద్దది. మేనకోడలి పెళ్లి మాట ఆయన నోట రావాలి. అమ్మ పెళ్లికి ఎవరో దూరపు బంధువును బతిమాలి గంప దగ్గర నిలబెట్టారట. అతను గంప ఎత్తి నాలుగడుగులు వేసి దించేసి అన్నానికి వెళ్లిపోయాడట. ఇది మా అమ్మ అరవై ఏళ్లుగా చెప్పని సంగతి.

"ఆయన పేరు తెలుసా అమ్మా?"

తెలుసట. అమ్మమ్మ నిద్రలో పిలిచే పేరు అదేనట. నేను చిన్నప్పుడు మా భాషలో ఏదో మాట అనుకున్నది అది. అమ్మ రెండుసార్లు పలికింది, నేను రాసుకున్నాను. స్పెల్లింగు సరిపోయిందో లేదో చదివి వినిపించమంది. వినిపించాను.

"వయసు గడి కూడా ఉందిగా, రాయి" అంది.

"ఎంతని రాయను?"

"ఆరు దాటలేదని రాయి."